బొట్టు పెట్టని కత్తి

సీతంవలస విద్యుత్ డివిజన్ ఆఫీసులో దమయంతికి పద్దెనిమిదేళ్లుగా రెండు ఉద్యోగాలు. ఒకటి అసిస్టెంట్ ఇంజనీరు. దానికి జీతం ఉంది. రెండోది చెలికత్తె. దానికి లేదు.

ఏటా కార్తీకమాసంలో ఆ ఆఫీసు వార్షికోత్సవం జరుగుతుంది. వార్షికోత్సవమన్నాక ఉద్యోగుల నాటకం ఉండాలి, నాటకమన్నాక ఒక రాణి ఉండాలి. ఆ రాణి అకౌంట్స్ ఆఫీసరు హైమవతి గారే కావాలని ఏ ఉత్తర్వులోనూ లేదు గాని, అందరి జీతాల బిల్లులూ ఆవిడ చేతిలో ఉండేవి కాబట్టి వేరే పేరు ఎవరి నోటా వచ్చేది కాదు. దమయంతి పక్కన నిలబడి వింజామర విసురుతూ, "రాణీ, రథం సిద్ధంగా ఉంది" అనేది. అలా పద్దెనిమిది రథాలు సిద్ధం చేసింది గాని ఒక్కదానిలోనూ ఎక్కలేదు.

ఈ ఏడు హైమవతి గారు రిటైరయ్యారు. రాణి వేషం దమయంతికి వచ్చింది.

"ఇన్నాళ్లూ ఉత్త చెలికత్తెవి. ఇప్పటికి నీ చేతికి అసలు కత్తి వచ్చిందమ్మా" అని నాటకానికి డైరెక్టరైన స్టోర్ కీపరు నాగలింగం ఒక అట్ట కత్తి తెచ్చి ఇచ్చాడు. దానికి వెండి కాగితం చుట్టి ఉంది. కిందటేడు శత్రురాజు దానితో సేనాధిపతిని పొడవబోతే అది నడుం దగ్గర మడతపడి జనం ఈలలు వేశారు. ఆ మడత ఇంకా పోలేదు.

ఈసారి నాటకం ఊళ్లో ఆడి ఊరుకునేది కాదు. విశాఖపట్నం నుంచి న్యాయనిర్ణేతలు వస్తున్నారు. నచ్చితే మరుసటి వారం అక్కడ జరిగే పోటీకి పిలుస్తారు. చివరి రంగంలో కోటంతా చీకటైపోయి, రాణి చేతిలో కత్తి ఒక్కటే వెలగాలి. కరెంటాఫీసులో ఇంజనీరై ఉండి వెలిగే కత్తి చేయలేకపోతే ఇన్నేళ్ల సర్వీసూ బూడిదలో పోసిన పన్నీరేనని దమయంతి నిశ్చయించుకుంది.

ఆ ఆదివారం భోజనాల బల్ల మీద కూరగాయలు పక్కకు జరిపి, పాత క్యాలెండరు కాగితం వెనక బొమ్మ గీయడం మొదలుపెట్టింది. కత్తి ఒంటికి, పాడైపోయిన ట్యూబులైటు మీది పాలరంగు ప్లాస్టిక్ గొట్టం. దాని లోపల చిన్న చిన్న లైట్లున్న పట్టీలు రెండు, వీపుకి వీపు ఆనించి అంటించాలి. అప్పుడే రెండు వైపులా వెలుగు సమంగా పడుతుంది. పిడిలో ఛార్జింగ్ సెల్లు ఒకటి, దాని ఓల్టేజిని పెంచే గోరంత బోర్డు ఒకటి, తీగలు ఒకదానికొకటి తగిలితే కాలిపోవడానికి ఒక ఫ్యూజు.

"అంతా బాగానే ఉంది అత్తయ్యా, తెలుపు దగ్గరే పేచీ వస్తోంది" అంది దమయంతి, పక్కన చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తగారితో.

అత్తగారు పార్వతమ్మ ఒక లైన్‌మన్ భార్య. భర్త పోయి చాన్నాళ్లయినా, ఇంట్లో ఎవరైనా తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటే ఆయన గొంతుతోనే తిట్టగలదు. "తెలుపుకేటొచ్చిందే?" అంది.

"ఒక్కో లైటులో ఎరుపు, పచ్చ, నీలం మూడూ ఉంటాయి. మూడూ కలిపి వెలిగిస్తేనే తెలుపు. అంటే మూడింతల కరెంటు. ఒక్క సెల్లు అంత మోయలేదు, యుద్ధం మధ్యలో వేడెక్కి చతికిలబడుతుంది. రెండు సెల్లులు పెడదామంటే పిడి రోకలంత అవుతుంది."

"మూడూ ఎందుకు మరి? ఒక్కటి వెలిగించు. కూర ఒకటి చాలదా, మూడు కూరలుంటేనే అన్నం దిగుతాదా?"

దమయంతి పెన్సిలు ఆపింది. నీలం తీగ ఒక్కటే కలిపితే సరిపోతుంది. చీకట్లో నీలమే బాగా కనపడుతుంది కూడా. ఇంజనీరింగు కాలేజీలో నాలుగేళ్లు చదివినది చిక్కుళ్ల దగ్గర కలిసొచ్చిందని ఆమెకు నవ్వొచ్చింది.

పార్వతమ్మ లేచి లోపలికి వెళ్లి, బీరువా అడుగు నుంచి ఒక పాత స్టీలు టార్చిలైటు తెచ్చి బల్ల మీద పెట్టింది. "మీ మావయ్యది. పిడికి పనికొస్తాదేమో చూడు. గాలివానలో స్తంభాలెక్కినప్పుడు ఇదే ఆయన చేతిలో ఉండేది. ఊరికే బీరువాలో పడుంది" అంది.

టార్చి గొట్టంలో సెల్లు, బోర్డు, ఫ్యూజు అన్నీ ఇమిడాయి. బొటనవేలి కింద స్విచ్చి కూడా ఉండనే ఉంది. ఆ సాయంత్రం కిటికీలు మూసి నొక్కితే వంటింటి గోడలన్నీ నీలంగా వెలిగాయి. దమయంతికి ఏడుపొచ్చినంత పనైంది. తను ఇక చెలికత్తె కాదని ఆమెకు అప్పుడే నమ్మకం కుదిరింది.

కత్తి తయారైంది. మిగిలింది అనుమతి ఒక్కటే.

శాఖ ఆవరణలో ఏ విద్యుత్ పరికరం వాడాలన్నా డ్రాయింగు మీద డివిజనల్ ఇంజనీరు సంతకం ఉండాలి. ఆ డివిజనల్ ఇంజనీరు చిదంబరం గారు చెడ్డవాడు కాదు. ఎవరికీ అపకారం చేయడు. నియమం ఉన్న పని చేస్తాడు, లేని పని చేయడు, నియమం ఉందో లేదో తెలియనప్పుడు మాత్రం సూపరింటెండెంటు వల్లభాచారి గారి ముఖం చూస్తాడు. ఆచారి గారికి తెలియని నియమం లేదు. ఉంటే అప్పటికప్పుడు పుట్టిస్తారు.

డి.ఇ. గారు డ్రాయింగుని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "అంతా సవ్యంగానే ఉంది. ఎర్తింగు ఎక్కడమ్మా?" అన్నారు.

"సార్, ఇది చిన్న సెల్లు. నాలిక మీద పెట్టుకుంటే చురుక్కుమంటుంది, అంతే."

"కరెంటుకి చిన్నా పెద్దా తారతమ్యం లేదు. శాఖాపరంగా చూసినచో వెలుగునదెల్లా విద్యుత్ పరికరమే. విద్యుత్ పరికరమన్న పిమ్మట దానికి భూమితో సంబంధం ఉండి తీరాలి."

"రాణి స్టేజీ అంతా తిరుగుతూ యుద్ధం చేస్తుంది సార్. గుంట తవ్వి తీగ పాతితే రాణి ఒక్కచోటే నిలబడిపోతుంది."

డి.ఇ. గారు ఆచారి గారి ముఖం చూశారు. ఆచారి గారు కళ్లజోడు సర్దుకున్నారు. "భూమి కదలరాదని మన నిబంధనల్లో ఎక్కడా లేదు సార్. ఒక ఇత్తడి చెంబులో తడిమట్టి, ఉప్పు, బొగ్గు వేసి, సదరు చెంబును రాణి గారి వెనక ఎవరైనా పట్టుకొని నడిచినచో భూమి సమకూరినట్టే."

అలా ఆ ఏటి చెలికత్తె, టైపిస్టు సునంద చేతికి వింజామరకి బదులు చెంబు వచ్చింది. కత్తి పిడి నుంచి ఆకుపచ్చ తీగ ఒకటి చెంబులోకి దిగింది. రాణి కుడికి దూకితే సునంద కుడికి దూకాలి. రాణి గిర్రున తిరిగితే సునంద ఆమె చుట్టూ పరుగెత్తాలి, లేకపోతే తీగ చుట్టుకుంటుంది. రిహార్సల్సులో అందరికంటె సునందకే ఎక్కువ చెమట పట్టింది.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని ఆ వారంలోనే హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులరు దిగింది. ఎక్కడో ఏదో ఆఫీసులో ఒక గుమాస్తా చాకుతో జామకాయ కోసుకుంటుంటే చూసి పై అధికారి ఒకాయన జడుసుకున్నారట. "కార్యాలయ ప్రాంగణములలోనికి ఆయుధములు తీసుకొనిరాకూడదు. ఉన్న ఆయుధములను స్వాధీనపరచుకొని తదుపరి ఉత్తర్వుల వరకు స్టోరు రూములో భద్రపరచవలెను" అని అందులో ఉంది.

మర్నాడు ఉదయం గేటు దగ్గర వాచ్‌మన్ పైడిరాజు దమయంతికి అడ్డం నిలబడ్డాడు. పైడిరాజు ఉత్తర్వు అంటే ఉత్తర్వే అనే మనిషి. గేటులోకి పశువులు రాకూడదని బోర్డు ఉంటే, ఆవుదూడ బొమ్మ ఉన్న పాలవ్యాను కూడా ఆపేశాడు.

"మేడంగోరూ, అది కత్తండి."

"ప్లాస్టిక్ గొట్టం పైడిరాజూ. దీంతో దోసకాయ కూడా తెగదు."

"తెగదండి. నానూ సూసేను. కానీ పేరు కత్తి గదండి. కాయితం మీద తమరే రాసేరు, వెలిగే కత్తని. వెలిగే కర్ర అని రాసుంటే నానేటంటాను?"

నాటకం ఇంకా ఆరురోజుల్లో పడింది. కత్తి స్టోరు రూములోకి వెళ్తే మళ్లీ ఆ మడతపడిన అట్టే గతి. కత్తిని పైడిరాజు చేతికే ఇచ్చి, ఇద్దరూ కలిసి డి.ఇ. గారి గదికి వెళ్లారు.

గదిలో అప్పటికే ఆచారి గారున్నారు. సర్క్యులరు బల్ల మీద ఉంది.

"ఆయుధం అనగా నేమి? ఇందులో నిర్వచనం లేదు. నిర్వచనం లేకుండా స్వాధీనం ఎట్లా?" అన్నారు డి.ఇ. గారు.

"నిర్వచనం మన దగ్గరే ఉంది సార్. దసరాకి ఆయుధ పూజ చేశాం కదా" అన్నారు ఆచారి గారు.

దసరా వెళ్లి నెల కాలేదు. ఆ రోజు పురోహితుడు గారు ఇంకో మూడు ఆఫీసులు ఒప్పుకోవడం వల్ల మంత్రాలు ఫోన్లో చెప్పి, బొట్లు పెట్టే పని డి.ఇ. గారికే అప్పగించారు. ఆయన చేసే పని ఏదైనా నిండుగా చేస్తారు. కటింగ్ ప్లేయర్లు, నిచ్చెనలు, జీపు, కంప్యూటర్లు, స్టాప్లర్లు, రబ్బరు స్టాంపులు, ఒక్కో కలం, దేన్నీ వదలలేదు. హాజరు మిషనుకి సరిగ్గా వేలు పెట్టే చోటే పెట్టడం వల్ల దసరా నుంచి ఆఫీసులో ఎవరు వేలు పెట్టినా ఆచారి గారే వచ్చినట్టు చూపిస్తోంది.

"మనమే స్వయంగా ఆయుధములని పూజించి, ఇప్పుడు కావంటే పూజ అబద్ధమవుతుంది సార్. పూజ అబద్ధమైనచో దాని ఖర్చుకి ఆడిట్ అభ్యంతరం వస్తుంది" అన్నారు ఆచారి గారు.

ఆడిట్ అన్న మాట వినగానే డి.ఇ. గారు నిటారుగా కూర్చున్నారు. "రాసుకోండి. శాఖాధికారి స్వహస్తములతో బొట్టు పెట్టిన సమస్తమును ఆయుధముగా పరిగణించవలెను. బొట్టు లేనిచో ఆయుధము కాదు."

పైడిరాజు చేతిలోని కత్తిని కిటికీ వెలుగులోకి ఎత్తి, పిడి నుంచి కొస దాకా తిప్పి తిప్పి చూశాడు. దసరా తర్వాత పుట్టిన కత్తి అది. ఎక్కడా బొట్టు లేదు. "ఇది ఆయుధం కాదండి" అని గౌరవంగా దమయంతికి తిరిగి ఇచ్చేశాడు. ఆ వెంటనే డి.ఇ. గారి బల్ల మీద ఉన్న స్టాప్లరు అందుకున్నాడు. "ఇది ఆయుధమండి."

ఆ సాయంత్రానికి ఆఫీసంతా నిరాయుధమైంది. నిచ్చెనలు, ప్లేయర్లు, టెస్టర్లు, కంప్యూటర్లు అన్నీ స్టోరు రూములోకి చేరాయి. జీపుని నలుగురు తోసి లోపల పెట్టారు, తాళంచెవికి కూడా బొట్టుంది మరి. స్టోరు రూము తాళంకప్పకీ బొట్టుండటం వల్ల తాళాన్ని కూడా లోపలే పెట్టి, తలుపు దగ్గర పైడిరాజుని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సునంద తన కలానికున్న బొట్టు పమిటచెంగుతో తుడిచేస్తే, "ఆయుధము యొక్క గుర్తింపును చెరిపివేయుట"ను తీవ్ర నేరంగా భావిస్తూ డి.ఇ. గారు ఆమెకు మెమో ఇచ్చారు. దాని మీద సంతకం చేయడమే ఆయన కలం చేసిన ఆఖరి పని. తర్వాత అదీ లోపలికి వెళ్లింది.

ఆ వారం ఆఫీసులో ఒక్క తప్పు కూడా దొర్లలేదు. ఏ పనీ జరగకపోతే తప్పు ఎక్కడి నుంచి వస్తుంది? ఊళ్లో వాళ్లు మాత్రం ఫోన్ల మీద ఫోన్లు చేశారు. లైన్‌మన్లు మర్యాదగానే జవాబు చెప్పారు: "ఫ్యూజు పోయిన మాట నిజమేనండి. మా దగ్గర ఆయుధాల్లేవండి." దమయంతికి ఇదంతా చూస్తుంటే మనసు పీకుతూనే ఉంది. కాని నోరు విప్పితే తన కత్తి మీదికి వస్తుందేమోనని భయం. నాటకం అయ్యాక మాట్లాడదాంలే అనుకుంది. స్వార్థమే, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

నాటకం రోజు వచ్చింది. ఆఫీసు ఆవరణలోనే ఉన్న రిక్రియేషన్ హాలు కిక్కిరిసిపోయింది. ముందు వరుసలో డి.ఇ. గారు, ఆచారి గారు, విశాఖపట్నం న్యాయనిర్ణేతలు. మూడో వరుసలో పార్వతమ్మ.

సరిగ్గా చివరి రంగంలో, శత్రురాజు కోటలో దీపాలు ఆర్పించే ముందే, సీతంవలస సగం ఊరికి కరెంటు పోయింది. హాల్లో లైట్లూ మైకూ అన్నీ ఒక్కసారే చచ్చాయి. జనం గోల. ఆ చీకట్లో, నాగలింగం తెర వెనక నెత్తి కొట్టుకుంటూ ఉండగా, దమయంతి బొటనవేలు స్విచ్చి మీదికి వెళ్లింది.

నీలం వెలుగు లేచింది. గోల ఆగిపోయింది. రాణి కత్తి ఎత్తి ముందుకు నడిచింది. ఆమె వెనకే, చెంబు గుండెకి హత్తుకుని, చెలికత్తె నడిచింది. మైకు లేకుండానే దమయంతి గొంతు వెనక వరుస దాకా వినిపించింది. పద్దెనిమిదేళ్లు ఒక్క వాక్యంతో సరిపెట్టుకున్న గొంతు అది, లోపల చాలా నిల్వ ఉంది. శత్రురాజు కూలేసరికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన అక్కడికక్కడే, "మీరు విశాఖపట్నం వస్తున్నారు. ఆ కత్తి తప్పకుండా తీసుకురండి" అన్నాడు.

డి.ఇ. గారికి ఆనందం పట్టలేదు. ఆనందం పట్టనప్పుడు ఆయన సన్మానం చేస్తారు. ప్రారంభంలో జ్యోతి వెలిగించినప్పటి కుంకుమ పళ్లెం అక్కడే ఉంది. అది తెప్పించుకుని స్టేజీ ఎక్కి, "మన శాఖ గౌరవం నిలబెట్టిన ఈ ఖడ్గమునకు నా స్వహస్తములతో..." అంటూ కుంకుమలో వేలు ముంచారు.

దమయంతి కత్తిని వెనక్కి లాక్కుంది. ఆ బొట్టు పడితే ఇది ఆయుధం. ఆయుధమైతే ఈ రాత్రికే స్టోరు రూము, విశాఖపట్నంలో మళ్లీ మడతల అట్ట కత్తి. హాలుకి ఎదురుగా స్టోరు రూము తలుపు దగ్గర పైడిరాజు అప్పుడే కుర్చీలోంచి లేచాడు కూడా.

"సార్, పెద్దలు మీరు పెట్టుకోకుండా వస్తువుకి పెడితే దోషం కదా సార్. ముందు మీరు పెట్టుకోండి" అంది, వీలైనంత వినయంగా.

"అదీ నిజమే" అని డి.ఇ. గారు ఆ కుంకుమ నిండుగా తన నుదుటనే పెట్టుకున్నారు. మళ్లీ వేలు పళ్లెంలో ముంచబోతుంటే ముందు వరుసలోంచి ఆచారి గారు దగ్గారు.

"సార్. స్వహస్తములతో బొట్టు పెట్టిన సమస్తమును... అని రాసుకున్నాం సార్. సమస్తములో తమరు కూడా..."

డి.ఇ. గారి వేలు గాల్లోనే ఆగిపోయింది. అప్పటికే పైడిరాజు స్టేజీ మెట్లెక్కి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రండి సారూ. స్టోరు రూములో జీపు పక్కన కూసింత జాగా ఉందండి. ఫ్యాను లేదండి. ఉన్నా కరెంటు లేదనుకోండి."

"చెరిపేస్తే సరిపోదూ?" అన్నారు డి.ఇ. గారు సన్నగా.

"అది తీవ్ర నేరం సార్. నాకు మెమో ఇచ్చారు" అంది సునంద, చెంబు దించకుండానే.

దమయంతి ఇక దాచుకోదలచుకోలేదు. "సార్, ఊరు చీకట్లో ఉంది. నిచ్చెన లోపలుంది. ఆ ఉత్తర్వు రద్దు చేయండి. మీరూ బయటే ఉంటారు, నిచ్చెనా బయటికి వస్తుంది" అంది.

"చేస్తానమ్మా. దేంతో రాయను? కలాలన్నీ లోపలే."

దమయంతి మేకప్ పెట్టెలోంచి కాటుక పెన్సిలు తీసి ఇచ్చింది. ఆచారి గారు రద్దు ఉత్తర్వు చెప్తూ ఉంటే, డి.ఇ. గారు నాటకం కరపత్రం వెనక, కత్తి నీలం వెలుగులో, కాటుకతో రాసి సంతకం పెట్టారు. పైడిరాజు దాన్ని రెండుసార్లు చదివి స్టోరు రూము తలుపు తీశాడు. లైన్‌మన్లు నిచ్చెన భుజాన వేసుకుని పరుగెత్తారు. కాసేపటికి లైట్లొచ్చాయి.

పార్వతమ్మ స్టేజీ ఎక్కి పళ్లెంలోంచి కుంకుమ తీసి, టార్చి పిడికి చిన్న బొట్టు పెట్టింది. "మీ మావయ్య ఉన్నన్నాళ్లూ ఏటా దసరాకి దీనికి నేనే పెట్టేదాన్ని" అని కోడలి భుజం పట్టుకుంది. దమయంతి కళ్లు తుడుచుకుంది. ఆచారి గారు ఏదో అనబోయి, డి.ఇ. గారి ముఖం చూసి మానుకున్నారు. రద్దు ఉత్తర్వుకి హెడ్డాఫీసు ఆమోదం వచ్చేదాకా డి.ఇ. గారు మాత్రం ఆ బొట్టుని తడవనివ్వకుండా జాగ్రత్తగా స్నానం చేశారని వాళ్లావిడ తర్వాత చెప్పింది.

మరుసటి వారం విశాఖపట్నంలో నాటకం దివ్యంగా జరిగింది. ఆయుధాల ఉత్తర్వు రద్దయింది గాని ఎర్తింగు ఉత్తర్వు రద్దు కాలేదు. అందుచేత చెంబు కూడా వెళ్లింది. చివర్లో న్యాయనిర్ణేతల పెద్దాయన మైకు అందుకుని, యుద్ధభూమిలో రాణి ఎటు వెళ్తే అటు మాతృభూమిని గుండెలకు హత్తుకుని నడిచిన ఆ మట్టి నింపిన చెంబు తన కళ్లు చెమర్చేలా చేసిందని, ఉత్తమ నటి బహుమతి సునందకి ప్రకటించాడు.

దమయంతి అందరికంటె గట్టిగా చప్పట్లు కొట్టింది. నిజంగానే సంతోషించింది. తిరుగు ప్రయాణంలో, సునంద ఒళ్లో బహుమతి కప్పు, తన ఒళ్లో కత్తి పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, ఒక్కటే అంది.

"పద్దెనిమిదేళ్లు చేశానే ఆ వేషం. నాకెవరూ చెంబివ్వలేదు."